సోమన్న, న్యూట్రాను, మూడో సీటీ

"గా గడియారం దిక్కు సూడకు గోపాలూ. అది శేఠ్ ఇచ్చిన గడియారం, శేఠ్ ఎట్ల చెప్పమంటే అట్ల చెప్తది. నీ గిలాసల చాయ్ ఎంత మిగిలిందో ఇటు సూపియ్యి. నువ్వచ్చి ఎంతసేపాయెనో నేను చెప్త."

గ్లాసు చూపించాను. అడుగున వేలెడు చాయ్, పైన ముడతలు పడ్డ మీగడ. తన ఇంటి ముందు గదిలో కూర్చున్న సోమన్న ఒక కన్ను మూసి గ్లాసును వెలుతురుకు పట్టాడు. చూపుడు వేలు బయటివైపు ఆనించి వేడి చూశాడు.

"ఒక న్యూట్రాను. జర తక్కువ."

"అంటే మా లెక్కల ఎంత సోమన్నా?"

"పద్నాలుగు నిమిషాల నలబై సెకన్లు. అయితే దాని మీద ఒక లడాయి ఉన్నది. కూసో, చెప్త."

ఆయన 'కూసో' అన్నాడంటే ఇంకో రెండు న్యూట్రానులు పోయినట్టే. కూర్చున్నాను.

సోమలింగం, అంటే సూరత్ పర్వత్ పాటియాలో ఉన్న మా తెలుగువాళ్లందరికీ సోమన్న, మరమగ్గాల మీద ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. మావాళ్లు మరమగ్గాన్ని సాంచె అంటారు. ఆయన చెయ్యి పడితే మొండి సాంచె కూడా చెప్పినట్టు వింటుంది. తాగడు, పేకాడడు, ఒకరి జోలికి పోడు. ఉన్న జబ్బు ఒక్కటే. గడియారాన్ని నమ్మడు. దేన్నయినా సరే, మిగిలింది చూసి ఎంతసేపయిందో చెబుతాడు. చెప్పి ఊరుకుంటే బాగుండు. అడగనివాళ్లకు కూడా చెబుతాడు.

ఒకసారి కార్ఖానాకు కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. మొదటిరోజే, శేఠ్ వినేలా గొంతు పెంచి, "గంట నుంచి ఇక్కడే నిలబడి మీ పని చూస్తున్నాను" అన్నాడు హిందీలో. సోమన్న దేవుడి పటం దగ్గరికి నడిచాడు. సూపర్‌వైజరు లోపలికి వస్తూనే వెలిగించిన అగరుబత్తిని వంగి చూశాడు. "ఇంక ముప్పావు మిగిలి ఉన్నది సాబ్. నువ్వచ్చి పది నిమిషాలు గూడ కాలే" అన్నాడు. అందులో వెక్కిరింత లేదు. తప్పు లెక్క వినలేకపోయాడు, అంతే. మర్నాటి నుంచి గాలి ఆడని మూలలోని ఎనిమిది సాంచెలు ఆయన వంతుకు వచ్చాయి.

"ఎందుకన్నా నీకు?" అని అడిగాను.

"అగరుబత్తి అబద్ధం చెప్పది తమ్మీ" అన్నాడు, తువ్వాలు పిండుకుంటూ.

ఇంట్లో ఆయన భార్య పద్మారాణి పడే కష్టం వేరు. ఒకనాడు సోమన్న స్నానాల గదిలోంచి సబ్బుబిళ్ల పట్టుకుని తడితలతో బయటికి వచ్చాడు.

"మీ తమ్ముడు అచ్చిపోయిండా?"

"ఎవరు చెప్పిన్రు?"

"సబ్బు చెప్పింది. ఇద్దరికి పదిహేను దినాలు అచ్చే సబ్బు. తొమ్మిదో దినానికే గిట్లయ్యింది. మీ తమ్ముడు రెండు దినాలు ఉన్నడు. రోజుకు రెండుసార్లు తానం చేసిండు."

పద్మారాణి నావైపు తిరిగింది. "సూడు గోపాలూ. సబ్బుతోని సాక్ష్యం చెప్పిచ్చే మొగుడు ఏ ఆడిదానికన్న ఉంటడా?" అంది. మళ్లీ మొగుడి వైపు తిరిగింది. "నువ్వు ఊళ్లె లేనప్పుడు అచ్చిండు, నిన్ను పలకరియ్యకుంట పోయిండని కోపం చేస్తవని చెప్పలేదయ్యా!"

"కోపం ఎందుకు? లెక్క కుదిరింది" అని సోమన్న సంతోషంగా మళ్లీ స్నానానికి పోయాడు.

ఈ అలవాటు ఆయనకు చిన్నప్పటిదే. దానికి 'న్యూట్రాను' అని పేరు పడింది మాత్రం నాలుగేళ్ల కిందట. సోమన్న చదివింది ఎనిమిదో తరగతి. కాలికి దెబ్బ తగిలి ఇంట్లో ఉన్న రోజుల్లో ఫోనులో హిందీ వీడియోలు చూశాడు. ఏదో ఒక దాంట్లో న్యూట్రాను ఆయుష్షు గురించి వచ్చింది. అది చూసి కుంటుకుంటూ నేనుండే ఖోలీకి, అంటే గదికి, వచ్చి నన్ను తన ఇంటికి చాయ్‌కు పట్టుకుపోయాడు. మొదట చెప్పిన చాయ్ ఆనాటిదే. నేనూ పదో తరగతితో ఆపినవాడినే. గుడ్డ చూసే బల్ల దగ్గర నా ఉద్యోగం. సాంచె మీంచి దిగిన తాకాలను, అంటే గుడ్డ చుట్టలను, దీపం మీద లాగి తప్పులు వెతుకుతాను. పాత పుస్తకాలు కొని అర్థమైనంత చదువుకోవడం నా అలవాటు. అందుకని ఇలాంటివి చెప్పడానికి ఆయనకు నేనే దొరుకుతాను. వినడం నాకూ ఇష్టమే.

"మొట్టమొదట చాయ్ లేదు, సూరత్ లేదు, సూర్యుడు గూడ లేడు" అని మొదలుపెట్టాడు. "అంత వేడి. ఆ వేడిల ప్రోటాన్లున్నయి, న్యూట్రాన్లున్నయి. ప్రోటాను గట్టిది, ఎన్ని దినాలైన ఉంటది. న్యూట్రాను ఒంటరిగుంటే ఉండది. ఒకటి జర ముందు, ఒకటి జర ఎనక, సగటున పావుగంట లోపల్నే ఇరిగిపోతది. మరి గిప్పటిదాక న్యూట్రాన్లు ఎట్ల మిగిలినయి?"

"ఎట్ల?"

"ఖోలీ దొరికింది."

మా సోమన్న ఖోలీ దాకా తెస్తాడని నాకు తెలుసు.

"ఒక ఖోలీల నలుగురు. ఇద్దరు ప్రోటాన్లు, ఇద్దరు న్యూట్రాన్లు. దాని పేరు హీలియం. గా ఖోలీల పడ్డ న్యూట్రాను ఇగ ఇరగది. కానీ మొదటి మూడు నాలుగు నిమిషాలు ఖోలీ కట్టనియ్యలే. గోడ లేపుడు, వేడికి కూలుడు. జర చల్లబడేదాక ఆగాలె. ఆగినంతసేపు న్యూట్రాన్లు ఇరుగుతనే ఉన్నయి. చల్లబడ్డంక మిగిలినయి మిగిలినట్టు ఖోలీలల్ల దూరినయి."

"అయితే?"

"అయితే ఏంది! నక్షత్రాలు ఎక్కువ చెయ్యిపెట్టని పాత గ్యాసు ఆకాశంల ఇంక అక్కడక్కడ ఉన్నది. అందుల హీలియం ఎంతున్నదో చూసిన్రు. తూకంల పావు వంతు. ఇంక ఎక్కువ మిగిలితే న్యూట్రాను ఎక్కువసేపు బతికినట్టు, తక్కువ మిగిలితే తొందరగ పోయినట్టు. మొట్టమొదటి వెలుగును గూడ కొలిచి, దాన్నీ దీన్నీ జతచేసి న్యూట్రాను ఆయుష్షు పట్టుకుంటున్రు. పదమూడు వందల ఎనబై కోట్ల ఏండ్ల కిందటి మాట! గడియారం లేదు. మిగిలింది సూసి చెప్పుడే!"

చెబుతూ చెబుతూ ఆయన కళ్లు మెరిశాయి. నలభై ఏళ్లుగా జనం పిచ్చి అన్నది శాస్త్రమని తేలితే ఎవరికైనా అంతే.

"ఖోలీ దొరకక ఇరిగిపోయేటోన్ని నిన్ను చేసుకున్న. నేనే ప్రోటాన్‌ను" అంది పద్మారాణి లోపలి నుంచి.

"లడాయి అన్నవు?" అని గుర్తుచేశాను.

"ఆఁ. న్యూట్రాన్లను సీసాల వెట్టి, ఎన్ని మిగిలినయో లెక్కవెట్టినోళ్లది ఒక జవాబు. ధారలెక్క పోనిచ్చి, ఎన్ని ఇరిగినయో లెక్కవెట్టినోళ్లది ఇంకో జవాబు. నడుమ దగ్గెరదగ్గెర పది సెకన్ల తేడా."

"మరి ఆకాశం ఏమన్నది?"

"ఇద్దరికి దగ్గెర్లనే అన్నది. ఈ లడాయి తీర్చేటంత సాఫ్‌గ దానికి ఇంక కనబడ్తలేదు. కానీ ఒక మాట యాదికుంచుకో తమ్మీ. ఉన్నోళ్ల లెక్క, పోయినోళ్ల లెక్క కలవకుంటే కొలిచినోడన్న తప్పుండాలె, లేకుంటే ఏదో ఒకటి మన కండ్ల ముందట్నే ఉండి కనబడకుంట ఉండాలె."

యాదికుంచుకున్నాను. పనికొస్తుందని మాత్రం అనుకోలేదు.

మా కార్ఖానా పక్క గల్లీలో వెంకటవ్వ మెస్ ఉంది. వెంకటవ్వ కార్ఖానాలో ముప్పై ఏళ్లు కండెలు చుట్టింది. భర్త పోయాక పొయ్యి పెట్టింది. పద్దెనిమిది పళ్లేలు. పప్పు, అన్నం, ఒక కూర, ఎండుమిరపకాయల తొక్కు. సూరత్‌లో ఎన్నేళ్లున్నా ఊరి నాలుక ఊరిదే కనుక పెళ్లాంపిల్లలను ఊళ్లో వదిలివచ్చిన మగవాళ్లంతా ఆమె దగ్గరే తినేవాళ్లు. కార్ఖానాకు దగ్గరని సోమన్న మధ్యాహ్నం తిండి కూడా అక్కడే. "పది పళ్లేలకు తగ్గిననాడు తాళం ఏసి పోత. మెస్ లేకుంటే సూరత్‌ల నాకేం పని? తమ్ముని కొడుకు ఇంట్ల ఓ మూలకు కూసుంట" అని ఆమె ఎప్పుడూ అనేది. మూలకు కూర్చునే మనిషి కాదని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

పోయిన ఏడు ఎండాకాలం నుంచి పప్పు మాడటం మొదలైంది. ఒకరోజు కాదు, రోజూ. నరేశ్ అని మా బల్ల దగ్గర పనిచేసే కుర్రవాడు, నోటి దురుసు, పళ్లెంలోంచి తల ఎత్తకుండానే అన్నాడు:

"అవ్వా, ఇయ్యాల పప్పుల బొగ్గులేసినవా?"

"ఆఁ ఆఁ, తిను బిడ్డా, ఇంకింత ఏస్త" అని వెంకటవ్వ రెండు గరిటెలు కుమ్మరించింది.

అందరం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. నరేశ్‌కు తగిన జవాబు దొరికిందన్నాం. సోమన్న ఒక్కడే నవ్వలేదు. ఆయన నరేశ్ పళ్లెంలోకి చూస్తున్నాడు.

మర్నాటి నుంచి సోమన్న మెస్‌లో పళ్లేలు తనిఖీ చేయడం మొదలుపెట్టాడు. అందరూ తిని లేచాక వరసగా వంగి చూసేవాడు. అంచుకు నెట్టిన నల్ల పెచ్చులు చిటికెన వేలితో తిప్పేవాడు. "నా ఎంగిలి నాదన్నా, దాన్నన్న వదులు" అని నరేశ్ పళ్లేన్ని చేతులతో మూసేవాడు. ఆఖరికి కడగడానికి వేసిన పెద్ద కుక్కర్‌ను కూడా తిరగేసి, అడుగున పట్టిన మాడు మందం గోటితో గీరి చూశాడు.

"నాలుగు సీటీలు ఎక్కువైనయి" అని కుక్కర్ కూతల లెక్క తేల్చాడు. "మూడు కొట్టంగనే దించాలె. ఏడు కొట్టినంక దించింది."

"ముసలామె. మరిచిపోయి ఉంటది" అన్నాను.

"రోజు నాలుగు మరుస్తదా? మరిస్తే ఒకనాడు రెండు, ఒకనాడు తొమ్మిది మరువాలె గద!"

జనం తగ్గసాగారు. మలుపులో ఇంకో మెస్ ఉంది, అక్కడ పప్పు నీళ్లగా ఉన్నా మాడదు. రెండు నెలలు తిరిగేసరికి సోమన్న నాకు పని అప్పగించాడు.

"నేను ఉన్నోళ్లను లెక్కవెడ్త, నువ్వు పోయినోళ్లను లెక్కవెట్టు."

మూడు పూటలు మలుపు మెస్ ముందు నిలబడ్డాను. అక్కడి వంటవాడు నన్ను పోలీసుల మనిషి అనుకుని చాయ్ కూడా ఇచ్చాడు. పోయినవాళ్లు ఆరుగురు. సోమన్న లెక్కలో ఉన్నవాళ్లు పదకొండు. పదకొండూ ఆరూ పదిహేడు.

"పద్దెనిమిది పళ్లేలు, గోపాలూ."

"ఎవరో ఊరికి పోయి ఉంటరు."

"ఎవరు?"

ఎవరూ పోలేదు. మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ ఆరుగురే. సోమన్న రెండు రోజులు సరిగా తినలేదు. పద్మారాణి నన్ను పిలిపించి, "ఆ ఒక్క పళ్లెం ఏదో నువ్వే కొనిచ్చి ఈయన ముందర వెట్టు, నాకు పీకులాట తప్పుతది" అంది. మూడోరోజు మధ్యాహ్నం మెస్‌లో నా పక్కన తింటున్న సోమన్న అన్నం కలపడం ఆపి వంటగది వైపు చూశాడు. పొయ్యి పక్కన గోడకు ఆనించి ఒక పళ్లెం ఉంది. వెంకటవ్వ మాకు వీపు తిప్పి కూర్చుని ఒక్కతే తింటోంది.

"ఇదివరకు ఎక్కడ తినేది?" అని అడిగాడు.

ఆలోచించాను. ఇదివరకు వడ్డించాక ఆమె కూడా మా వరసలోనే కూర్చునేది. ఊళ్ల సంగతులు అడుగుతూ, మా పెళ్లాలను తిడుతూ, అందరికంటే ఎక్కువ ఆమే మాట్లాడేది. పద్దెనిమిదో పళ్లెం ఆమెదే. ఎప్పుడు లేచి పొయ్యి దగ్గరికి పోయిందో మాలో ఒక్కరికీ తెలియదు.

"దొరికింది" అన్నాడు సోమన్న. ఆయన జీవితంలో ఒక లెక్క తేల్చి దాన్ని వివరించకపోవడం అదే మొదటిసారి. నేను అప్పుడే అనుమానించాల్సింది.

మర్నాడు పొద్దున పదకొండింటికి సోమన్న వెంకటవ్వ వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడు ఆయనది రాత్రి పాళీ, నిద్రపోవాల్సిన వేళ. కుక్కర్ ఒక సీటీ కొట్టగానే చెయ్యి ఎత్తి ఒక వేలు చూపించాడు. రెండో సీటీకి రెండు వేళ్లు. మూడుకు మూడు. కార్ఖానా సాక్షిగా చెబుతున్నాను, అంత శ్రద్ధగా చెయ్యెత్తిన మనిషిని బడిలో కూడా చూడలేదు.

"ఏందిరా ఇది, పొయ్యికాడ అడ్డం?" అని వెంకటవ్వ గదిమింది.

"న్యూట్రాను లెక్క అవ్వా. పప్పు ఉడుకుడు సరిగ్గ ఒక న్యూట్రాను. ఇద్దరు సూస్తెగాని లెక్క పక్కా కాదు. నువ్వు జర నా వేళ్లు సూస్తుండు."

"నా కర్మ!" అంది. కానీ చూసింది.

పేట అంతా నవ్వింది. "సోమన్న ఇప్పుడు సీటీలకు హాజరు ఏస్తున్నడు" అని నరేశ్ ప్రచారం చేశాడు. సోమన్న పట్టించుకోలేదు. రోజూ పదకొండింటికి గుమ్మంలో ఉండేవాడు. ఆవులిస్తూ, కళ్లు నులుముకుంటూ, వేళ్లు ఎత్తుతూ. పప్పు మాడటం ఆగిపోయింది. మలుపు మెస్‌కు పోయినవాళ్లలో నలుగురు తిరిగివచ్చారు. పప్పు దానంతట అదే బాగుపడిందని మేమంతా అనుకున్నాం. సోమన్న వేళ్లకూ పప్పుకూ సంబంధం ఉంటుందని మాకెవరికీ తట్టలేదు.

నాకు తట్టింది దీపావళి సెలవుల తర్వాత. తొందరగా తినిపోదామని వెళ్లి వెంకటవ్వ వెనక నిలబడి "అవ్వా!" అన్నాను. పలకలేదు. ఇంకాస్త గట్టిగా "అవ్వా!" అన్నాను. ఉల్లిగడ్డ తరుగుతూనే ఉంది. అప్పుడే ఆమె మోచేతి పక్కనే కుక్కర్ గల్లీ అదిరేలా మూడో సీటీ కొట్టింది. ఆమె కత్తి కూడా కదలలేదు. గుమ్మంలో సోమన్న మూడో వేలు లేచింది. వెంకటవ్వ తలెత్తి ఆ వేలు చూసి, చెయ్యి చాపి గ్యాసు కట్టేసింది.

నేను చప్పుడు చేయకుండా బయటికి వచ్చాను. సోమన్న నా వెనకే వచ్చాడు.

"ఎప్పటినుంచి అన్నా?"

"ముప్పై ఏండ్లు సాంచెల నడుమ కూసుంటే చెవులేం మిగుల్తయి తమ్మీ?"

"మరి మాకెవరికీ తెల్వకపాయె!"

"ఎట్ల తెలుస్తది? మనం మాట్లాడే తీరు ఏంది?"

నిజమే. సాంచెల చప్పుడులో పక్కవాడి మాట వినబడదు. అందుకని మేమందరం పెదవులు చదువుతాం, చేతులతో సైగలు చేస్తాం. బయటికి వచ్చినా అదే అలవాటు. మొహంలో మొహం పెట్టి అరుస్తాం. అలాంటి పేటలో చెవుడు వచ్చిన మనిషి ఏళ్లతరబడి దొరకదు. దొరికేది ఒక్కచోటే, తినేటప్పుడు. అప్పుడు ఎవరూ తల ఎత్తరు. తల ఎత్తకపోతే పెదవులు కనబడవు. బొగ్గులేసినవా అని నరేశ్ అడిగినప్పుడు ఆమె నవ్వించడానికి జవాబు చెప్పలేదు. ఇంకాస్త పప్పు అడిగాడనుకుంది. సీటీలు వినబడక, మాడు వాసన తగిలాకే కుక్కర్ దించేది, అందుకే రోజూ అదే ఏడో సీటీ.

"చెవి మిషిను పెట్టిద్దాం" అన్నాను.

"పద్మ మెల్లగ ఆ మాటే ఎత్తుతున్నది. ముందు చెవులు పోయినయని ఆమె ఒప్పుకోవాలె గద. ఒప్పుకునేదాక వేళ్లే."

నేను ఆగలేకపోయాను. సోమన్న లేనప్పుడు ఒకరోజు వెంకటవ్వ ఎదుట కూర్చుని, ఆమె మొహంలోకి చూస్తూ అడిగాను. "సోమన్న రోజూ గట్ల అడ్డం నిలబడ్తడు. నీకు కష్టం కాదా అవ్వా?"

వెంకటవ్వ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. తగ్గించాననుకుంది. గల్లీ చివరి దాకా వినబడింది.

"పిలగాడు మంచోడు బిడ్డా, కానీ జర తిక్క. వేళ్లు లేపి లెక్కవెడ్తెగాని దిల్ కుదురుకోదట. నేను గూడ సూడకుంటే బుగులు వడ్తడు. అందుకే పోనీలే అని సూస్తున్న. ఎవ్వలికి చెప్పకు."

ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. ఎవరి మీద ఎవరు జాలిపడుతున్నారో తేల్చాలంటే సీసావాళ్లూ ధారవాళ్లూ కూడా సరిపోరు.

పోయిన సోమవారం సోమన్న మూటాముల్లె సర్దుతున్నాడు. శేఠ్ సగం సాంచెలు సూరత్ అవతల పల్సానాలో కొత్త షెడ్డుకు తరలిస్తున్నాడు, వాటితోపాటు సోమన్నను కూడా. ఇల్లు ఖాళీ చేసేది వచ్చే నెలే కానీ, రేపటి నుంచి పొద్దున ఏడింటి పాళీ అక్కడే. మెస్‌లో ఆ రోజుకు పదిహేను పళ్లేలున్నాయి, వెంకటవ్వది కాక. నా గ్లాసు సోమన్న చేతిలో ఉంది. ఈసారి మిగిలిన చాయ్ వైపు చూడలేదు.

"నీ బల్ల కాన్నుంచి మెస్‌కు ఎంతసేపు?"

"రెండు నిమిషాలు."

"అయితే పోనూ రానూ, నిలబడనూ, మొత్తం ఒక న్యూట్రాను మీద జరంత. మీ మేస్త్రీతోని నేను మాట్లాడిన. రేపటికెళ్లి నువ్వు."

"నేనా? నరేశ్ ఊకుంటడా?"

"నవ్వితే నవ్వనియ్యి. విను. పప్పుకు మూడు, అన్నానికి రెండు. వేలెత్తేటప్పుడు కుక్కర్ దిక్కు కాదు, ఆమె దిక్కు సూడు. చెవుల మాట ఎత్తకు. ఎందుకని అడిగితే న్యూట్రాను అను. తిట్టినా కదలకు. తిన్నంక అందరి పళ్లేలు సూసి, ఏం మిగిలిందో నాకు ఫోన్ల చెప్పు. నువ్వు ఎన్నో సీటీకి వేలెత్తినవో నేను పల్సానాల కూసోని చెప్త. ఇంకొకటి..."

"చెప్పన్నా."

"రేపు అందరు తినేటప్పుడు, తల ఎత్తి తినుమని గా నరేశ్‌గాన్కి చెప్పు. అవ్వ పళ్లేన్ని పొయ్యికాడికెళ్లి తెచ్చి మీ నడుమ వెట్టు." నా గ్లాసు నా చేతికిచ్చి భుజం మీద తట్టాడు. "నడువు ఇగ. ఇయ్యాల గూడ నువ్వే సూడు. పప్పు పొయ్యిమీద వెట్టి అప్పుడే ముప్పావు న్యూట్రాను అయితున్నది."